ఎర్ర గుడ్డల దారి

భీమ్‌గల్ దాటినా మధుకర్ బండి ఆపలేదు. ఆదివారం పొద్దున్నే లింబాద్రి గుట్టకని బోధన్ నుంచి బయలుదేరినవాళ్లం.

“గుడి గుట్ట అటు గదా?” అన్నాను వెనక నుంచి.

“గుడికి ఎప్పుడైన పోవచ్చు భై. వేరే గుట్ట చూపిస్త పా. సీతాఫలాలు కండ్లు తెరిచి తెంపే లెక్క ఉంటయి.”

మరునాడు పదకొండు గంటలకు నేను కోర్టులో సాక్ష్యం చెప్పాలి. పోయిన చెరకు సీజన్‌లో రెంజల్ రోడ్డు మీద రెండు ట్రాలీల ట్రాక్టర్ ఒకటి సైకిల్ మీద పోతున్న మనిషిని తొక్కేసింది. నడిపింది మధుకర్ తమ్ముడు రాజశేఖర్. కేసు మాత్రం వాళ్ల దగ్గర జీతానికి పనిచేసే ఆత్మారాం మీద పడింది. ఆ పొద్దున నేను అక్కడే ఉన్నాను. ఆత్మారాం తరఫున చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు.

ఈ పది నెలల్లో మధుకర్ నా దగ్గర ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఇరవై ఏళ్ల స్నేహంలో గుట్ట ఎక్కుదామని ఒక్కసారీ పిలవలేదు. ఇప్పుడు పిలిచాడు.

గుట్ట కింద బండి ఆపి సీటు కింది డిక్కీ తెరిచాడు. “ఫోన్ ఇందుల పెట్టు. రాళ్ల మీద పడితే పలుగుతది.”

పెట్టాను. తనదీ పెట్టాడు. పెట్టాడో లేదో, నేను సరిగ్గా చూసేలోపే మూత పడింది.

“ఇంట్ల చెప్పినవా, ఏడికి పోతున్నమో?”

“చెప్పిన,” అన్నాను. చెప్పలేదు. అబద్ధం అంత సులువుగా వచ్చాక గానీ నేను భయపడుతున్నానని నాకు తెలియలేదు.

“నువ్వు ముందు నడువు. జారితే వెనకకెళ్లి పట్టుకుంట.”

“నువ్వే నడువు. దారి నీకే ఎరుక.”

అతను నవ్వి ముందు నడిచాడు. వీపుకు తగిలించుకున్న సంచి బరువుగా ఊగుతోంది. అందులో ఏముందని అడగాలనుకున్నాను. అడగకుండా ఆ ఊపునే చూస్తూ నడిచాను.

అరగంట తర్వాత దారి రెండుగా చీలింది. కుడివైపు ఒక పొద కొమ్మకు ఎర్ర గుడ్డ ముక్క కట్టి ఉంది.

“గిదే. దారి తప్పకుండ గుడ్డలు కట్టిండ్రు చూడు.”

ఒక గుడ్డ నుంచి ఇంకో గుడ్డకు నడిచాం. నాలుగైదు పొదల తర్వాత కాలిబాట సన్నబడింది, తర్వాత లేకుండానే పోయింది. ముళ్లు చొక్కాను పట్టి లాగుతున్నాయి. గుడ్డలు మాత్రం ఆగలేదు. ఇవి మధుకరే ముందుగా వచ్చి కట్టుకుపోయాడేమో అనిపించింది. ఆ ఆలోచన ఎంత పిచ్చిదో తెలుసు. తెలిసీ దాన్ని వదల్లేదు.

“ఎన్నిసార్లు వచ్చినవు ఈడికి?”

“చిన్నగున్నప్పుడు మా మామతోని ఒక్కసారి.”

“ఒక్కసారేనా?”

“గుట్ట ఏడికి పోతది భై, లేచి నడుస్తదా?”

ఆఖరి గుడ్డ ఒక బండ అంచున మొలిచిన పొదకు ఉంది. బండకూ అవతలి బండకూ మధ్య పెద్ద అంగ వేయాల్సినంత సందు. కింద చీకటిగా లోయ. మధుకర్ ఎగిరి దాటాడు. వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు.

“రా. చెయ్యియ్యి.”

ఎప్పుడు వంగానో గుర్తులేదు. నా పిడికిట్లో రాయి ఉంది.

అతను నా ముఖం చూడలేదు, పిడికిలిని చూశాడు. చాపిన చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండిపోయింది.

“రాయి ఎందుకు?”

“కోతులకు.”

అతను చుట్టూ చూశాడు. “ఏడున్నయి కోతులు?”

పై పొదల్లోంచి ఒక ముసలామె గంపతో దిగివచ్చింది. “ఎవ్వల్రా మీరు? నా చెట్లల్ల మీకేం పని?”

“దారి తప్పినం అవ్వ,” అన్నాడు మధుకర్. “గుడ్డలు చూసుకుంట వచ్చినం.”

ఆమె గంప దించి నవ్వింది. “గవి దారికి కట్టినయా! ఈ పెంటవ్వ గుడ్డ కట్టిన పండ్ల చెట్టు ఇంకెవ్వలు ముట్టరు ఈ గుట్ట మీద. ఉన్న ఒక్క ఎర్ర సీరె సింపి కట్టిన. సదువుకున్నోళ్ల లెక్క ఉన్నరు, గిదన్న తెల్వదా? సంచి సూపియ్యు, ఎన్ని పండ్లు తెంపిండ్రో!”

మధుకర్ ఇవతలికి దూకి సంచి విప్పాడు. రెండు నీళ్ల సీసాలు. పేపర్లో చుట్టిన జొన్నరొట్టెలు, ఇద్దరికి సరిపడా.

పెంటవ్వ దారి చూపించింది. నేను ఆగి, మధుకర్‌ని ముందు నడవమన్నాను.

“వద్దు,” అన్నాడు. “ఇప్పుడు నువ్వే ముందు నడువు.”

రాయి ఇంకా నా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకున్నాను. కింద పడేశాను. దిగుతున్నంతసేపూ అతని అడుగుల చప్పుడు నాకు పది అడుగుల దూరంలోనే ఉండిపోయింది.

బండి దగ్గర అన్నాడు: “పైకి ఎక్కినంక నిమ్మలంగ నిన్నొక మాట అడుగుదామనుకున్న. ఇగ అడుగ.”

“మీ తమ్ముని గురించేనా?”

“నా చేతిల ఇయ్యాల నీకేం కనవడ్డదో నాకు ఎరుకే. రేపు జడ్జి ముంగట గూడ గవే కండ్లతోని చూసింది చెప్తవా?”

బండి మీద అతని వెనక కూర్చుని ఆ మాటకు జవాబు వెతికాను. లేదు, ట్రాక్టర్ తొక్కిన ఆ పొద్దున నాలో ఏ అనుమానమూ లేదు. హోటల్ ముందు చాయ్ తాగుతూ, స్టీరింగ్ వెనక రాజశేఖర్‌ని చూసి సంతోషంగా చెయ్యి ఊపాను. వాడు “అన్నా!” అని అరిచి, నవ్వుతూ చెయ్యెత్తాడు. కళ్లు నా మీదే ఉన్నాయి. సైకిల్ అప్పుడే అడ్డం వచ్చింది.

పోలీసులకు వాడి పేరు చెప్పాను. నా చెయ్యి సంగతి చెప్పలేదు. మధుకర్ నన్ను తోసేస్తాడని నమ్మడం నాకు హాయిగా ఉండింది. వాళ్లు దుర్మార్గులైతే నేను ఒట్టి సాక్షిని.

నిజామాబాద్ దగ్గరపడుతుండగా అతని చెవి దగ్గరికి వంగాను. “మధూ, ఆ పొద్దున మీ తమ్మునికి చెయ్యి ఊపింది నేను. వాడు నాకోసమే చెయ్యెత్తిండు. రేపు నడిపింది వాడే అని చెప్త, ఆ సంగతి గూడ చెప్త.”

బండి నెమ్మదిగా రోడ్డు పక్కకు జరిగి ఆగింది.

“దిగు.”

దిగాను. అతను డిక్కీ తెరిచాడు. ఫోన్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నాది తీసి నా చేతిలో పెట్టి, ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

బోధన్ బస్సు కోసం నడవడం మొదలుపెట్టాను.