పెట్టె స్టిక్కరు అంటించిన పేజీ

నేను ఒక శాంపిల్ పుస్తకాన్ని. మందపాటి అట్టల మీద చొక్కా గుడ్డ ముక్కలు అంటించి, మిల్లువాళ్లు నన్ను చీరాలలో శేషుబాబు బట్టల కొట్టుకు పంపారు. చూపించడమే నా పని. అమ్ముడుపోయేది ఎప్పుడూ వేరే సరుకే. రెండేళ్లపాటు జనం నన్ను రుద్దారు, వెలుగులో పెట్టి చూశారు, "రంగు దిగదు కదా?" అని పదిసార్లు అడిగారు, "మా ఆవిడను తీసుకొస్తా" అని మెట్లు దిగిపోయారు. వాళ్లలో సగంమందికి భార్యలే లేరని నా అనుమానం.

డిజైన్లు పాతబడ్డాక శేషుబాబు భార్య హైమావతి నన్ను ఇంటికి పట్టుకెళ్లింది. వాళ్ల పాప జోషితకు అప్పుడు నాలుగున్నరేళ్లు. పుట్టుకతోనే వినికిడి తక్కువ. చెవి మిషన్లు పెట్టింది మూడో ఏట. పాప వెళ్లే బాలబడిలో ఫ్లోరెన్స్ టీచరు తల్లులకు ఒక పని అప్పజెప్పింది. ఆ రోజు పిల్ల చేసినదాని గుర్తు ఏదో ఒకటి పుస్తకంలో అంటించి, కింద ఒక్క వాక్యం రాసి, పక్కన కూర్చుని చదివి వినిపించాలి. గుడ్డ ముక్కలు పీకేసినా నా అట్టలు గట్టివే. అలా నాకు రెండో వ్యాపారం దొరికింది.

గడువే తక్కువ. జూన్‌లోగా పాప చదువు దారిన పడకపోతే దూరపు ఊళ్లో వినికిడి లేని పిల్లల హాస్టలు బడిలో చేర్పిస్తానన్నాడు శేషుబాబు. ఆ బడి మంచిదే. కానీ అమ్మ కొంగు పట్టుకోనిదే నిద్రపోని పిల్ల జోషిత. హైమావతికి అన్నం సహించడం లేదు.

మొదటి నెల పూర్తిగా దండగ. హైమావతి బస్సు టికెట్టు, కోడి ఈక, వేటపాలెం జీడిపప్పు పొట్లం కాగితం అంటించింది. శేషుబాబేమో అలవాటు కొద్దీ ప్రతి పేజీకీ ప్లాస్టిక్ కవరు తొడిగి నన్ను బీరువా పై అరలో పెట్టాడు. సాయంత్రం దించి, స్టాకు సరిచూసినట్టు వేలు పెట్టి అడిగేవాడు.

"ఇదేంది? చెప్పమ్మా. ఇదేంది?"

పాప పెదాలు బిగించేది.

"నిన్న చెప్పింది, ఇయాళ చెప్పట్లా. ఇది తెగే బేరం కాదు హైమా."

"కొట్టుకొచ్చినోళ్లని గూడా ఇట్టానే నిలేస్తారా? ఒక్కరన్నా మళ్లీ వస్తారా?"

నెల తిరిగాక ఇంటికొచ్చిన ఫ్లోరెన్స్ టీచరు నన్ను తిరగేసి నవ్వేసింది. "ఏందండీ శేషుబాబుగారూ, పెళ్లి ఆల్బమా? ఒక్క మరక లేదు. దీన్ని చదివిందెవరు?"

"పాడైపోద్దని, మేడం..."

"పాడవనీండి. పాప చేతికియ్యండి. పరీక్షలు పెట్టమాకండి, మీరే కబుర్లు చెప్పండి. పాప ఏమంటే అది రాయండి."

నష్టం కనబడ్డాక పద్ధతి మార్చకపోతే వ్యాపారే కాదు. కవర్లు పోయాయి. నా మీద పులుసు పడింది, రెండు అట్టలు చిరిగాయి. అంత లాభసాటి నెల నా జన్మలో లేదు. ఒకరోజు శేషుబాబు పాప పక్కన కూర్చుని, "నాన్న జీడిపప్పు తెచ్చాడు. జోషిత అంతా తినేసింది" అని చదివాడు.

పాప అతని చేతి మీద ఒక్కటి చరిచింది. "అమ్మ! అమ్మ తిన్నది!"

"నన్నే పట్టించిందండీ!" అంది హైమావతి. శేషుబాబు వాక్యం కొట్టేసి, పాప అన్నదే రాశాడు.

అయినా మే నెలలో శేషుబాబు హాస్టలుకని ఇనప పెట్టె కొన్నాడు. మాటలు వస్తున్నాయి, చదువేదీ అన్నాడు. పెట్టె ఎందుకో పాపకు చెప్పేటప్పుడు హైమావతి రెండుసార్లు ఆగింది.

మర్నాడు పొద్దున జోషిత ఆ పెట్టె మీది స్టిక్కరు గోటితో పీకి నాలో అంటించింది. కింద పెన్నుతో వంకర గీతలు రెండు వరసలు గీసింది. నాన్న చేయి లాగి, అతని వేలిని గీతల వెంట ఎడమ నుంచి కుడికి నడిపింది.

"పెట్టె వద్దు. జోషి ఇంట్లో."

శేషుబాబు ఆ గీతల మీదికి వంగాడు. "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు. మళ్లీ అదే మాట, అదే గీత దగ్గర. నాలుగోసారి కూడా మారలేదు. కొలత తేడా రాని సరుకును అతను ఎన్నడూ తిప్పి పంపలేదు. పాప అన్నది కింద రాయబోతే, పాప పెన్ను పక్కకు తోసింది.

"జోషి రాసింది."

అతను పెన్ను జేబులో పెట్టుకుని, పెట్టె భుజానికెత్తుకుని, కొన్న కొట్టులోనే తిరిగి ఇచ్చి వచ్చాడు.

జూన్‌లో జోషిత వీధి చివరి బడిలో చేరింది. నేను బాలబడి అరలో చేరాను. కొత్తగా వచ్చిన తల్లులు ఆ పేజీ చూసి, ఇక్కడ వాక్యం రాయడం మరిచిపోయారా అని అడుగుతారు. మరవలేదమ్మా. రాయాల్సిన మనిషి రాసేసింది.