ఎర్ర తాడు

అమేరు కొబ్బరి చెట్టు మీంచి పడ్డ రోజున తోటకు నాలుగు వ్యాన్లు వచ్చాయి. జాంజిబార్ ఒడ్డున హోటళ్లలో దిగినవాళ్లు పొద్దున్నే ఈత కొట్టి, పదింటికి లవంగాల తోట చూడడానికి వస్తారు. మనిషికి నలభై వేల షిల్లింగుల టిక్కెట్టు. జాజికాయ పగలగొట్టి చూపించాక, చివర్లో అమేరు పాడుతూ చెట్టెక్కి నడిమధ్యన ఒక చెయ్యి వదిలి ఊగుతాడు. అందుకు అతని రోజు కూలి పదిహేను వేలు.

కాళ్లకు కట్టుకునేది కొబ్బరిపీచు తాడు. అది మానును పట్టుకుంటుంది. పోయిన నెల మేస్త్రీ వువాయి తోట ఆసామి ఇచ్చిన ఎర్ర నైలాను తాడు తెచ్చాడు, ఫోటోల్లో బాగుంటుందని.

“జారుతుంది, అన్నా,” అన్నాడు అమేరు.

“జారకుండా ఎక్కుతావనే కదా కూలి ఇచ్చేది.”

ఆ పొద్దున వాన పడింది. అమేరు చెయ్యి వదిలాడు. కాళ్లు జారాయి. కింద నరికి ఉంచిన దాల్చినచెక్క చెట్టు మొద్దు మీద పడ్డాడు. మెడ విరిగిన చప్పుడు, చాపల మీద లవంగాలు ఆరబోస్తున్న అతని అక్క మీజె వరకు వినిపించింది.

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి వ్యాన్లు వెనక్కి తిరుగుతున్నాయి. వువాయి అమేరు కాళ్ల దగ్గర కూచుని కత్తితో ఎర్ర ముడి కోస్తున్నాడు. అతని భుజాన, దాని బదులు కట్టడానికి తెచ్చిన పీచు తాడు ఉంది.

మీజె అతన్ని తోసేసి, ఎర్ర తాడు కొసను మణికట్టుకు చుట్టుకుంది.

“వదులు, మీజే. సాయంత్రం అసర్ నమాజుకల్లా మట్టి చెయ్యాలి. కఫను గుడ్డ ఆసామి ఇస్తానన్నాడు.”

“తాడు కూడా ఆసామే ఇచ్చాడుగా.”

లవంగపు కొమ్మలు వంచే కొక్కెం కర్రతో వువాయి ఆమె చేతి మీద కొట్టాడు. రెండు వేళ్లు విరిగాయి. రెండో దెబ్బకు నుదురు చిట్లింది. ఆమె తమ్ముడి మోకాళ్ల మీద బోర్లా పడుకుంది. మూడో దెబ్బ వీపు మీద పడింది.

ఊళ్లో శవాలను కడిగే ఫకీ బాబాయి బకెట్టుతో వచ్చాడు. “శవాన్ని ఆపడం పాపం తల్లీ. లే, కడుగుతాను.”

“చీలమండల మీద ఈ తాడు ఎర్ర రంగు అంటింది చూడు, బాబాయ్. నువ్వు కడిగితే పోతుంది. పోలీసు వచ్చి చూసి రాసుకోవాలి. లేకపోతే వీడు తాగి ఎక్కాడంటారు.”

“ఐదు పూటలా నమాజు చేసే పిల్లాడు. అంత మాట ఎవరంటారు?”

“నేనంటాను,” అన్నాడు వువాయి. “నువ్వు కడుగు, ముసలోడా.”

ఫకీ నలభై ఏళ్లలో ఏ శవాన్నీ పొద్దు వాలేదాకా ఉంచలేదు. ఆయన అమేరు చీలమండల వైపు చూశాడు. బకెట్టు ఎత్తి నీళ్లు మొద్దు మీద పారబోశాడు. వువాయి కర్రతో ఆయన పక్కటెముకల్లో పొడిచాడు. ఆయన ఒరిగి, మళ్లీ సర్దుకుని, మీజె పక్కనే కూచున్నాడు.

“ఎండకి వాసనొస్తుంది రేపటికి,” అన్నాడు వువాయి.

“రానీ,” అంది మీజె.

లవంగాలు ఒలిచే ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. 

మసీదు నుంచి అసర్ బాంగు వినిపించింది, ఆగింది. మీజె పంపిన మనిషి ఠాణాకు వెళ్లి మూడు గంటలైంది. పోలీసు రాలేదు. ఎవరూ ఏమీ రాసుకోలేదు. అమేరును ఇంకా కడగలేదు.