సూరయ్య సడలించిన తీగలు

నేను ఒక వయొలిన్‌ని. ముసలిదాన్ని, పొగరుబోతుదాన్ని, పైగా పొట్టమీద పగులున్నదాన్ని. పుట్టింది కలకత్తాలో. నలభై ఏళ్లు బతికింది మాత్రం విజయనగరంలో, సూరయ్య ఒళ్లో. హరికథ చెప్పే దాసుగారికి ఆయన పక్కవాద్యం. పొగడ్తలన్నీ దాసుగారికి, దోమలన్నీ మాకు.

రోజూ కథ ముగిశాక సూరయ్య నా బిరడాలు నాలుగూ తిప్పి, తీగలు కొంచెం సడలించి పెట్టెలో పడుకోబెట్టేవాడు. "దానికీ ఊపిరాడాల కదేటి" అనేవాడు. నా పగులును తనే సరేసు జిగురుతో అతికించాడు. శ్రుతి పెంచితే అది మళ్లీ విచ్చుకుంటుందని కూతురు హైమకు వెయ్యిసార్లు చెప్పాడు. మనుషులకు వెయ్యిసార్లు చెబితే ఒక్కసారి కూడా చెప్పనట్టే.

పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నేను హైమ చేతికొచ్చాను. ఆ పిల్ల విశాఖలో డెన్నిస్ అనే గిటారిస్టు నడిపే రాక్ బృందంలో చేరింది. మొదట్లో ఆ డ్రమ్ముల మోతకు నాకు ఒళ్లు మండేది. కానీ హైమ ముఖారి రాగంలో స్వరాన్ని ఊపితే, డెన్నిస్ గిటారు తీగను పక్కకు లాగి అదే ఏడుపు ఏడిపించేవాడు. వాళ్ల బ్లూస్ సంగీతంలో ఆ లాగుడు ముందే ఉందట. సూరయ్య నిదానం మాత్రం వాడికి హైమ దగ్గరే దొరికింది. ఒప్పుకోక చస్తానా, వాడు మంచి శిష్యుడు.

ఇంతలో సూరయ్యకు రెండోసారి పక్షవాతం వచ్చింది. "నాను పోయేలోగా దానిమీద ఒక్కసారి ముఖారి ఇనిపించవే అమ్మీ" అన్నాడు, మాట ముద్దగా. ఆదివారం తప్పకుండా వస్తానంది హైమ. శనివారం సాయంత్రం బీచ్ దగ్గర వాళ్ల కచేరీ ఉంది.

గిటార్లు పై శ్రుతిలో ఉన్నాయి. "కొంచెం బిగించు, ఒక్క పాటే కదా" అన్నాడు డెన్నిస్. హైమ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఆగి, బిగించాయి. నేను ఏనాడూ అంత బాగా పలకలేదు. ఆఖరి గమకంలో నా పొట్ట నిలువునా చీలింది. చప్పట్లలో ఆ చప్పుడు హైమకు తప్ప ఎవరికీ వినబడలేదు.

ఆదివారం ఆమె ఇంటికొచ్చి, ఫోన్లో రికార్డు చేసిన ఆ పాట తండ్రికి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆ రెండోది గిటారా? ఎవుడే ఆడు? నా పోకడ ఆడికెలాగొచ్చింది?"

"నా దగ్గర నేర్చుకున్నాడు నాన."

ఆయన ముఖం విప్పారింది. "మరి నువ్వు వాయించు. ఫోనెందుకు?"

హైమ ఏడుస్తూ పెట్టె తెరిచింది. సూరయ్య ఎడమచెయ్యి నా పొట్టమీద పాకి, చీలిక దగ్గర ఆగింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ పిల్ల బతికిపోయేది. ఆ చెయ్యే మెల్లగా పైకి జరిగి, బిరడాలను ఒక్కొక్కటే తిప్పి నాలుగు తీగలూ సడలించింది. తర్వాత ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంగళవారం పోయాడు.

ఇప్పుడు డెన్నిస్ నడిపే గిటారు క్లాసులో గోడకు వేలాడుతున్నాను. పిల్లలు రోజూ ఆ ముఖారి గమకాన్ని సాధన చేస్తారు, ఎవరిదో తెలియకుండానే. హైమ మళ్లీ కమాను పట్టలేదు. నా తీగలు సూరయ్య వదిలినట్టే ఉన్నాయి.