కరీమున్ లాగిన్

చిలకలూరిపేట హైవే పక్కన పత్తి నుంచి గింజలు తీసే జయరావు గారి జిన్నింగ్ మిల్లులో రోజూ పొద్దున్నే కంప్యూటర్ తెరవాల్సింది గుమాస్తా కరీమునే. ఆమె చెయ్యి మంచిదని ఓనరు గారి నమ్మకం. ఆమె పాస్‌వర్డ్ కొట్టి తెరిచాక కాటా దగ్గరివాళ్లూ, గేటు దగ్గరివాళ్లూ, ఆఖరికి ఓనరు గారూ ఎవరి పని పడితే వాళ్లు వచ్చి అదే కుర్చీలో కూర్చుంటారు. మధ్యలో లాగౌట్ చేస్తే అపశకునమట! ఆ మిల్లుకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవాణ్ణి నేను. ఎవరి లాగిన్ వాళ్లు వాడండని మొత్తుకున్నాను. చెవిన పెట్టినవాళ్లు లేరు.

మొన్న ఒక లారీ పత్తి బేళ్లు నూలు వడికే స్పిన్నింగ్ మిల్లు నుంచి తిరిగొచ్చాయి. తడి పత్తి నొక్కేయడంతో లోపలంతా పసుపుపచ్చగా మాగిపోయింది. మిల్లు కంప్యూటర్లో మాత్రం ఆ పత్తికి తేమ తక్కువే అని ఉంది. ముందు ఎక్కువ రాసి ఉన్నదాన్ని తర్వాత ఎవరో తగ్గించారు. అదెవరో తేల్చమని జయరావు గారు నన్ను పిలిపించారు.

డేటాబేసులో ఒక ఫంక్షన్ ఉంటుంది. ఇప్పుడున్న యూజర్ ఎవరని అడిగితే పేరు చెబుతుంది. ఎవరు ఏ అంకె మార్చినా పక్కన ఆ పేరు పడేలా నేనే పెట్టాను. తీసి చూస్తే కరీమున్ అని ఉంది.

"రేపట్నుంచి పనిలోకి రావొద్దమ్మా," అన్నారు జయరావు గారు.

కరీమున్ మొహం పాలిపోయింది. "తడి పత్తని మొదట రాసిందే నేనండీ. నేనే ఎందుకు మారుస్తాను?"

"పేరు నీదేగా!"

నాకు ఒళ్లు మండింది. కరీమున్‌ను బయట పత్తి కుప్పల దగ్గరికి వెళ్లి నిలబడమన్నాను. జయరావు గారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన చేతే ఫంక్షన్ నడిపించాను. తెర మీద కరీమున్ అని వచ్చింది. ఆయన కిటికీలోంచి ఆమెను చూశారు. మళ్లీ తెర వంక చూశారు.

"అంటే ఎవరైనా మార్చి ఉండొచ్చన్నమాట."

"మీరైనా సరే," అన్నాను.

ఆయన గట్టిగా నవ్వేశారు. "సర్లెండి, ఇందులో ఎవరి తప్పూ లేదు. రామ్మా, వచ్చి పని చూసుకో," అని కేకేశారు.

కరీమున్ వచ్చి గుమ్మంలోనే ఆగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా పేరు కనపడితే నా తప్పన్నారు. నేనే అని తేలకపోయేసరికి ఎవరి తప్పూ కాకుండా పోయిందా అండీ?"