పెదవులు కదిపి చదివాను

"పెదవులు కదపకుండా చదవడం రాదా నీకు?" పెళ్లయిన కొత్తలో మా ఆయన అన్న మాట ఇది. అప్పటికే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ ఆరేళ్లు. ప్రతి లైనూ పెదవులతో తడిమితే గానీ నాకు తప్పు దొరికేది కాదు. "ఒకటో క్లాసు పిల్లలా ఏమిటా గొణుగుడు?" అని ఆయనా, "గోడలతో మాట్లాడుకుంటోందిరా, పోనీ" అని అత్తయ్యా నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

నోరు కుట్టేసుకున్నాను. కానీ లోపల ఎవరో ఒకరు చదవాలి కదా! కొన్నాళ్లకు ఆ చదివేది ఎవరో పోల్చుకున్నాను. ఆయన గొంతే. ఆయన ఊపిరి తీసుకునే చోటే నా కళ్లూ ఆగేవి. చివరికి మందు సీసా మీది చీటీ కూడా నా తలలో కూర్చుని ఆయనే చదివేవాడు.

ఇవాళ పొద్దున పాలు కాస్తుంటే ఒక కాగితం చేతికిచ్చాడు. నా రాజీనామా. అత్తయ్య తుంటి విరిగి మంచాన పడి నెలన్నర. "నీకు శ్రమ లేకుండా నేనే రాసేశాను. సంతకం పెట్టు, దారిలో ఇచ్చేస్తా."

చదివాను. 'కుటుంబ బాధ్యతల దృష్ట్యా, నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం నుంచి తప్పుకుంటున్నాను.' నున్నగా సాగిపోయింది. న్యాయంగానే తోచింది. పెన్ను కూడా తీసుకుని మిగతా లైన్లు చదువుతున్నాను.

అంతలో పాలు పొంగాయి. స్టవ్ ఆపి, గట్టు తుడిచి వచ్చేసరికి ఎక్కడ వదిలానో తెలియలేదు. లైను తప్పితే మొదటి నుంచి నోటితో చదవడం మా పనిలో పాత పద్ధతి. చదివాను. 'నా ఇష్టపూర్వకంగా' దగ్గర నోరు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడే. ఆయన గొంతు పరుగున దాటేసిన చోట నా గొంతుకు అడుగు పడలేదు. ఎవరి ఇష్టం? నన్నెవరడిగారు? ఒళ్లు మండిపోయింది, ఆయన మీద సగం, ఇన్నేళ్లూ నా తలలో ఆయనకు పీట వేసిన నా మీద సగం.

"మళ్లీ ఆ గొణుగుడేంటి? టైమైపోతోంది."

"గొణుగుడు కాదు, వినండి" అని, పక్క గదిలో అత్తయ్యకూ వినపడేలా చదివాను. అక్కడికే వచ్చి ఆగాను.

"ఇక నా నోరు తిరగదు" అన్నాను. "సంతకం పెట్టను. ప్రెస్సుకెళ్తున్నా. ఇప్పుడు దీన్ని మీ పేరు పెట్టి మీరు చదవండి. మీ అమ్మగారే కదా!"

"చదవరా, నేనూ వింటాను" అంది అత్తయ్య లోపల్నుంచి.

నేను చెప్పులు వేసుకుని వెనక్కి చూశాను. ఆయన కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. గొంతు రావడం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.