ఒక్కడికి ఎంత వెయ్యాలి

పప్పుల టీచరు గుమ్మడికాయ ముక్కలు కోస్తూ కోస్తూ వెనక వరసలో చివరి కుర్చీ వంక చూసింది. ఖాళీ. పది దాటిపోయింది. తల్లులు తొమ్మిదిమందీ వచ్చేశారు, చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు పిల్లలతో సహా. డ్రైవరు తాత ఒక్కడే రాలేదు.

రాకపోవడమే మంచిదనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే మనసు చివుక్కుమంది.

ఆవిడ అసలు పేరు ఈ పేటలో ఎవరికీ తెలియదు. యాభై ఏడేళ్ల మనిషి, ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, మెట్టెక్కితే కటకటమనే మోకాళ్లు. పందొమ్మిదేళ్లుగా ఈ రేకుల హాల్లో స్టవ్ ముందు నిలబడి, ఉన్నదాంట్లోనే పిల్లలకి బలమైన తిండి ఎలా వండాలో నేర్పుతోంది.

"మూత ఎందుకు పెట్టాలి?"

"బలమంతా ఆవిరైపోకుండా!" అన్నారు తల్లులు, అప్పజెప్పినట్టు.

"నూనె?"

"చెంచాడు!"

"ఆ ముక్క మా అత్తగారికి చెప్పండి టీచర్. ఆవిడ చేతికి చెంచా ఆనదు" అంది ఒకావిడ. హాలంతా గొల్లుమంది.

టీచరు మాత్రం నవ్వలేదు. ఆవిడ చెవుల్లో పోయిన వారం మాటలే తిరుగుతున్నాయి. తాత ఒకప్పుడు బస్సు నడిపేవాడు. రెండు నెలల కిందట తనంతట తనే వచ్చి, స్టీరింగు ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. పిల్లల్లేరు, మనవల్లేరు. వచ్చిన దగ్గర్నుంచీ నోరెత్తనివాడు పోయిన వారం లేచి నిలబడ్డాడు.

"ఇదంతా అయిదుగురికి కదమ్మా. ఒక్కడికి ఎంత వెయ్యాలి?"

"అయిదు పెట్టి భాగించండి తాతగారూ."

"భాగించానమ్మా. పప్పు అడుగంటింది. మూడు గుడ్లని అయిదు పెట్టి ఎలా భాగించను?"

అందరూ నవ్వారు, టీచరు కూడా. నవ్వుతూనే ఆవిడ తలెత్తి చూసింది. గోడమీది పటాల్లో పళ్లెం చుట్టూ ఎప్పుడూ తండ్రి, తల్లి, ముగ్గురు పిల్లలు. ఒంటరి మనిషి ఉన్న పటం ఒక్కటీ లేదు. ఆ సంగతి ఇన్నేళ్లలో తన కంటపడనే లేదు.

అసలు తన సంగతేమిటి? అమ్మ పోయి ఆరేళ్లయింది. అప్పట్నుంచి రాత్రిపూట బన్నూ టీ, అదీ వంటగట్టు దగ్గర నిలబడే. ఒక్కదానికి పొయ్యి ముట్టించడం దేనికిలే అనుకునేది. ఒక్కరికెంతో తేల్చుకోడానికి ఈ వారం ముట్టించింది. మొదటి రోజు ఎక్కువైంది, రెండో రోజు మాడింది. నాలుగో రోజు సరిగ్గా కుదిరింది. ఆ రోజు కూర్చుని తింది.

తీరా కొలత చేతికొచ్చాక, నిన్న ఆఫీసులో సూపర్‌వైజరు తాత పేరు మీద గీత కొట్టేశాడు. "చిన్నపిల్లల తల్లులకే మేడమ్ ఈ క్లాసు. ఆయన్ని ఇక రావద్దనండి." ఆవిడ తలూపింది. ఇప్పుడు మొదట కొలత చెప్పాలా, మొదట రావద్దనాలా? రెండూ ఒక్క నోటితో ఎలా చెప్పాలో పాలుపోలేదు.

క్లాసయ్యాక దారి అడుగుతూ ఆయన గదికి వెళ్లింది. తలుపుకి తాళం. పక్క వాకిట్లో ఇస్త్రీ చేస్తున్నావిడ పెట్టె పక్కన పెట్టింది.

"తాతగారు లేరా?"

"అయ్యో, మీకు తెలీదా? మొన్న తెల్లారేసరికి పోయారు. నిద్రలోనే. నిన్న అన్నీ అయిపోయాయి కూడా. మీరేమవుతారు ఆయనకి?"

ఏమవుతుంది తను?

"వంట... నేర్పుతున్నాను."

ఇస్త్రీ ఆవిడ ఎగాదిగా చూసింది. "ఆయనకి మీరు నేర్పడమేంటండీ! వాళ్లావిడ మంచాన పడ్డ తొమ్మిదేళ్లూ ఆయనే వండిపెట్టాడు. ఆ చేతి కూర కోసం మా పిల్లలు కొట్టుకునేవాళ్లు."

మరెందుకొచ్చాడు? ఇద్దరికి వండే చేతికి ఒక్కడికి వండటం నిజంగానే రాలేదా? లేక పదిమంది మధ్య కాసేపు కూర్చుందామనా? తనని ఆట పట్టించాడా? ఎటు తిప్పినా టీచరుకి తేలలేదు.

"గుప్పెడు పప్పు" అంది పైకే. "నీళ్లు మూడింతలు కాదు, నాలుగింతలు. గుడ్డు మాత్రం భాగించకూడదు. ఒకటి పూర్తిగా వేసెయ్యాలి."

"ఏంటండీ?"

"ఏం లేదమ్మా."

ఇస్త్రీ ఆవిడ తాళం తీసింది. "రేపు గది ఖాళీ చేసేస్తారు. చూసి వెళ్లండి."

మడిచిన దుప్పటి, బోర్లించిన గిన్నెలు, తుడిచిన స్టవ్. కిటికీ దగ్గర గాజుగ్లాసులో, వాడిపోకుండా వేళ్లు నీళ్లలో ఉంచిన కొత్తిమీర కట్ట. నీళ్లు సగానికి దిగాయి, ఆకు ఇంకా పచ్చగానే ఉంది.