సౌండ్ కార్డుకు కుట్టని మూల

మార్టూరులో పరుపుల బుడాన్‌ను ఎరగనివాళ్ళు లేరు. యాభై ఏళ్ళుగా దూది ఏకి పరుపులు కుడుతున్నాడు. ఆయనదొక పద్ధతి ఉంది. పరుపు చుట్టూ కుట్టేసి ఒక్క మూల మాత్రం వదిలేస్తాడు. కొనేవాళ్ళు వచ్చి, ఆ మూలలోంచి చెయ్యి దూర్చి, లోపలున్నది కొత్త దూదో పాత గుడ్డపీలికలో తడిమి చూసుకుని, సరే అన్నాకే ఆ మూల కుడతాడు. ఎందుకులే అని మొహమాటపడినవాళ్ళ చెయ్యి తనే పట్టుకుని లోపలికి తోస్తాడు. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని గుంటూరులో సౌండ్ కార్డు కొనడమంటే ఏమిటో కోడలు కౌసర్‌కు ఆ శనివారం తెలిసొచ్చింది.

అసలీ సౌండ్ కార్డు గొడవ కౌసర్ గొంతుతో మొదలైంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్త లాల్‌బీకి కళ్ళు సరిగా ఆనక, వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేది. నెల తిరక్కుండా పక్కిళ్ళ ఆడవాళ్ళు కూరగాయలూ కత్తిపీటలూ పట్టుకుని వచ్చి చుట్టూ చేరారు. ఈ సంగతి ఎవరో చెప్పగా, ఫోన్లో వినే కథల పుస్తకాలు తయారుచేసే హైదరాబాదు కంపెనీ ఒకటి, ఒక కథ చదివి పంపమంది. కౌసర్‌కు ఆ రాత్రి అన్నం సయించలేదు. డిగ్రీ చదివి దిండు గలేబులకు గుండీలు కుట్టుకుంటున్న మనిషికి, ఇంట్లో కూచుని కథలు చదివే ఉద్యోగమంటే మాటలా?

మొగుడు వాసిం ఉత్సాహంగా ఆన్‌లైన్లో, మైకును లాప్‌టాప్‌కు కలిపే సౌండ్ కార్డు ఒకటి తెప్పించాడు. దాని నిండా రంగురంగుల లైట్లు, నొక్కితే మోగే బొత్తాలు. వెనక గదిలో పరుపుల దొంతర్ల మధ్య కూర్చుని, తల్లి కన్నుమూసే ఘట్టాన్ని కౌసర్ కన్నీళ్ళతో చదువుతుంటే, మోచెయ్యి తగిలి ఆ పెట్టె చప్పట్లు కొట్టింది. ఇంకోసారి చదివితే పకపకా నవ్వింది. దాన్ని అటకెక్కించి, మైకు నేరుగా లాప్‌టాప్‌కే తగిలించి, మళ్ళీ చదివి పంపితే కంపెనీ నుంచి జవాబొచ్చింది. గొంతు బాగుంది, వెనకాల సొయ్‌మని ఏదో శబ్దం వస్తోంది, అది లేకుండా సోమవారం లోపల పంపండి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం అని.

వాసిం పత్తి లారీ మీద వెళ్ళి ఉన్నాడు. "ఆడపిల్లవి, ఒక్కదానివే పోతే టోపీ పెడతారు. నేనొస్తా పద" అన్నాడు బుడాన్. వద్దనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

గుంటూరులో షాపాయన లక్ష్మీకాంత్ మంచి మాటకారి. ఎదురొచ్చి కూర్చోబెట్టి, ముందుగా గోడకు అంటించే బూడిదరంగు స్పాంజి ముక్క చూపించాడు. గదిలో గొంతు మార్మోగకుండా పీల్చేస్తుందట. బుడాన్ దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసి పక్కన పెట్టాడు.

"మా ఇంటి కాడ పద్దెనిమిది పరుపులున్నయ్యి నాయనా. ఇది చెవిలో పెట్టుకోడానిక్కూడా చాలదు. అసలు సరుకు తియ్యి."

లక్ష్మీకాంత్ నవ్వుకుని పెద్ద పెట్టె ఒకటి దించాడు. "దీన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు పెద్దాయనా. బయట పెట్టుకునే సౌండ్ కార్డన్నమాట. ఎనిమిది మైకులు తగిలించొచ్చు. బ్యాండుమేళం మొత్తాన్నీ ఒకేసారి రికార్డు చేసెయ్యొచ్చు."

"మాట్లాడేది మా కోడలొక్కతే. మేళమెందుకు?"

పెద్దది పోయి చిన్నది వచ్చింది. లక్ష్మీకాంత్ దాన్ని తన కంప్యూటర్‌కు తగిలించి ఒక పాట వేశాడు. షాపు అద్దాలు అదిరాయి. బుడాన్ మొహం మాత్రం కదల్లేదు.

"పాట బానే ఉంది. అది పాడినోళ్ళ గొప్ప. ఇందులో నీ పెట్టె గొప్పేంది? పైగుడ్డ మీద నెమళ్ళు చూపించి పరుపు అమ్మినట్టుంది నీ యవ్వారం. కుట్టని మూల చూపించు."

"మూలేమిటండీ?"

"లోపలేముందో చెయ్యి పెట్టి చూసుకోవాల్నా వద్దా?"

"విప్పితే వారంటీ పోతుంది పెద్దాయనా."

పక్కన హార్మోనియం బేరమాడుతున్న ఇద్దరు ఇటు తిరిగి చూశారు. కౌసర్‌కు తల కొట్టేసినట్టయింది. "మావయ్యా, ఇవి అలా చూసేవి కావు" అంది నెమ్మదిగా. బుడాన్ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సరే, విప్పబాక. మైకు తగిలించు. ఆ మీట ఎంతవరకు తిరుగుద్దో అంతా తిప్పు. ఇప్పుడు ఎవరూ మాట్లాడకండి. ఏమీ లేనప్పుడు ఏం వినపడుద్దో విందాం."

లక్ష్మీకాంత్ చెయ్యి మీట మీద అలాగే ఆగిపోయింది. "పదేళ్ళ నుంచి షాపు నడుపుతున్నాను. చూడాల్సింది అదేనండీ. కానీ అడిగినవాళ్ళు మీరొక్కరే" అన్నాడు. అంతసేపూ సిగ్గుతో చితికిపోయిన కౌసర్‌కు ఒక్కసారిగా మావయ్య మీద గర్వం పుట్టుకొచ్చింది.

ఆ గర్వం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. కౌసర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే సొయ్... సొయ్. ఇంట్లో వచ్చిన శబ్దమే. బుడాన్ మైకు మీదికి వంగి, హెడ్‌ఫోన్స్ ఒక చెవికి ఆనించుకుని, "అదిగో" అన్నాడు. రెండో పెట్టె తగిలించారు, సొయ్‌మంది. వైరు మార్చారు. మైకు మార్చారు. ఫ్యాను ఆపారు, ఏసీ ఆపారు, చివరికి ట్యూబులైటు కూడా తీసేశారు. అయిదో పెట్టె కూడా సొయ్‌మనేసరికి లక్ష్మీకాంత్ చొక్కా తడిసి ముద్దయింది.

"ఇంత షాపు పెట్టుకుని అన్నీ సొయ్‌మనే సరుకే అమ్ముతున్నావేందయ్యా?"

"స్టూడియోలవాళ్ళు తీసుకెళ్ళేది ఇదే పెద్దాయనా. ఒక్కళ్ళూ వెనక్కి తేలేదు" అన్నాడతను, ఏడవడం ఒక్కటే తక్కువగా.

ఏసీ లేని షాపులో ఉక్కపోసి బుడాన్ టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. అదే క్షణంలో కౌసర్ చెవుల్లో శబ్దం ఆగిపోయింది. ఒట్టిగా, శుభ్రంగా, ఏకిన దూదిలా ఉంది నిశ్శబ్దం.

"చూశారా మేడమ్, కాస్త వేడెక్కేసరికి సర్దుకుంది" అన్నాడు లక్ష్మీకాంత్ ప్రాణం లేచొచ్చి.

కౌసర్ అద్దంలోంచి రోడ్డువైపు చూసింది. టీ బండి దగ్గర మావయ్య గ్లాసు ఊదుకుంటున్నాడు. ఊదినప్పుడల్లా చొక్కా కింద డొక్కలు ఎగసి పడుతున్నాయి. ఆ సొయ్ ఆయన ఊపిరిలోని పిల్లికూతలు. యాభై ఏళ్ళ దూది దుమ్ము. ఇంట్లోవాళ్ళకు అలవాటైపోయి, గోడ గడియారంలా ఎవరికీ వినపడదు. తను రికార్డు చేసుకుంటున్నప్పుడల్లా ఆయన దూది మిషను ఆపేసి, గది గుమ్మానికి వేసిన తెర పక్కనే ముక్కాలిపీట వేసుకుని, కుక్కల్నీ బేరాలనీ అదిలిస్తూ కాపలా కూర్చునేవాడు. ఏ శబ్దమూ రాకుండా చూసిన మనిషి నుంచే ఆ శబ్దం వచ్చిందన్నమాట.

బుడాన్ తిరిగొచ్చాడు. సొయ్ కూడా వచ్చింది. లక్ష్మీకాంత్ పెట్టెను చూశాడు, పెద్దాయన్ని చూశాడు, నోరు తెరిచాడు. కౌసర్ వద్దన్నట్టు తలాడించింది. బుద్ధిమంతుడు, నోరు మూసుకుని, రెండే మీటలున్న చిన్న పెట్టె తీసి ముందు పెట్టాడు. "మేడమ్‌కి ఇది చాలండీ."

"సొయ్‌మంటుందిగా?"

"ఇంటికెళ్తే పోతుంది మావయ్యా" అంది కౌసర్. పోదని ఆమెకు తెలుసు. అది తమతోపాటే బస్సులో, పక్క సీట్లో కూర్చుని, దారి పొడుగునా ఆ షాపాయన్ని తిడుతూ ఇంటికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు, ఎదురుగా ఉన్న గ్రానైటు పాలిషింగ్ యూనిట్ భోజనాలకు ఆగింది. మళ్ళీ రెండింటికి మొదలుపెడతారు. రికార్డింగుకు ఆ గంటే దిక్కు. మావయ్యను ఎలాగైనా బయటికి పంపాలని కౌసర్ తమలపాకులు తెమ్మంది. పొద్దున్నే తెచ్చానన్నాడు. అత్తయ్యను చెల్లెలుగారింటికి తీసుకెళ్ళమంది. లాల్‌బీ తనకు మోకాళ్ళు నెప్పులంది. "నేను పోతే ఉప్పు బండోణ్ణి ఎవరాపుతారే?" అంటూ బుడాన్ పీట తెచ్చుకుని తెర పక్కన కూలబడ్డాడు. ఒకటీ నలభై అయింది. ఇక దాచి లాభం లేదు.

"మావయ్యా, ఆ సొయ్ మీదే."

ఆయనకు అర్థం కాలేదు. కౌసర్ హెడ్‌ఫోన్స్ తీసి ఆయన తలకు పెట్టింది. బుడాన్ విన్నాడు. ఊపిరి బిగబట్టాడు, శబ్దం ఆగింది. వదిలాడు, మళ్ళీ వచ్చింది. ఇంకోసారి బిగబట్టి చూసుకున్నాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టాడు.

"అయితే పాపం ఆ గుంటూరాయన్ని అన్యాయంగా నానా మాటలన్నానే" అన్నాడు.

పీట తీసుకుని రోడ్డు దాటి అవతలి కరెంటు స్తంభం కింద కూర్చున్నాడు. ఉప్పు బండి రానే వచ్చింది. చెయ్యెత్తి దాన్ని అక్కడే నిలబెట్టేశాడు. కౌసర్ లోపల కూర్చుని, తల్లి కన్నుమూసే ఘట్టం ఒక్క తప్పు లేకుండా చదివేసింది. ఈసారి చప్పట్లు మోగలేదు.

ఆయన వచ్చి వింటానన్నాడు. "మాటలు కాదే, మాటకీ మాటకీ మధ్య ఉంటదే, అది పెట్టు." కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏమీ లేదు. నిఖార్సుగా ఉంది. నేను లేకపోతే ఎంత బాగుందో చూడు" అని నవ్వాడు.

ఆ నవ్వు కౌసర్‌కు చెంప మీద కొట్టినట్టు తగిలింది. పంపడానికి మీట మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకుంది.

"రేపు మీరు డాక్టరు దగ్గరికి వస్తానంటేనే ఇది పంపుతాను."

"దానికీ దీనికీ సంబంధమేంది? దూదిలో బతికేవోడికి ఆ మాత్రం ఉండదా?"

"నలభై ఏళ్ళ నుంచి ఆ కూతలు వింటూనే నిద్రపోతున్నా. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది" అంది లాల్‌బీ లోపల్నించి.

"నువ్వూరుకోవే. పంపమ్మా, టైమైపోద్ది."

"పోనివ్వండి. ఊరందరికీ మూల విప్పి చూపించారు. చూడనన్నవాళ్ళ చెయ్యి పట్టుకుని మరీ తోశారు. మీ మూల మాత్రం కుట్టేసుకుని కూర్చుంటారా? మీరు లేకపోతే బాగుంటుందా? నాకేం బాగుంటుంది?" కౌసర్ ఏడ్చేసింది. మావగారి ముందు అంత గట్టిగా మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

ఎదురు యూనిట్లో మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. బుడాన్ పీట తిరగేసి దాని కాళ్ళు సవరించాడు.

"పంపు. వస్తాలే" అన్నాడు.

అన్న మాట తప్పించుకోవడానికి సోమవారం ఒక పరుపు కుట్టాలన్నాడు. మంగళవారం మాత్రం కౌసర్ ఆయన్ని చిలకలూరిపేట తీసుకెళ్ళి డాక్టరుగారి బెంచీ మీద కూర్చోబెట్టింది. అక్కడుండగానే హైదరాబాదు నుంచి కబురొచ్చింది. వెనకాల శబ్దం లేదట, మొదటి పుస్తకం పంపుతున్నారట. బుడాన్ వెంటనే ఫోను అడిగి లక్ష్మీకాంత్‌కు చేశాడు. "నాయనా, నీ పెట్టెలన్నీ మంచియ్యే. రిపేరు నాది" అని చెప్పి పెట్టేశాడు.

లోపల డాక్టరు చొక్కా పైకెత్తమని, వీపు మీద స్టెతస్కోపు ఆనించి వినడం మొదలుపెట్టాడు. బయట బెంచీల మీద జనం గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. బుడాన్ వంగి కూర్చునే, తలుపువైపు చెయ్యెత్తాడు.

"కాసేపు మాట్లాడబాకండయ్యా. ఇక్కడ మూల చూస్తన్నారు."